స్వల్పద్రవ్యంతో కాశీయాత్ర

అయోధ్య, మథుర, హరిద్వారం, కాశి, కంచి, ఉజ్జయిని, ద్వారక అనే సప్తమోక్షపురులలో కాశి మధ్యమణి వంటిది. జీవితంలో ఒక్కసారియైనా గంగలో మునిగి విశ్వేశ్వరుని దర్శించవలెనని కోరుకోని ఆస్తికుడు తెలుగునాట అరుదు. అయితే ఆ కోరిక పలువురి విషయంలో ద్రవ్యం దగ్గర ఆగిపోతున్నది. పురాణకాలక్షేపం ముగిసిన తరువాత నన్ను పలకరించే వారిలో విశ్రాంత గుమాస్తాలు, చిన్న రైతులు, పిల్లలపై ఆధారపడి బ్రతికే వృద్ధులు ఉంటారు. వారి ప్రశ్న దాదాపు ఒక్కటే. "శాస్త్రిగారూ, చేతిలో పెద్దగా సొమ్ము లేదు. ఉన్నంతలో వెళ్లి వస్తే యాత్ర ఫలిస్తుందా? లేక అప్పో సప్పో చేసి నలుగురిలా ఘనంగా వెళ్లడమే మేలా?" ఈ ప్రశ్నకు శాస్త్రం ఏమి చెప్పినదో, ఆచరణలో దానిని ఎట్లా నిర్వహించుకొనవచ్చునో ఈ వ్యాసంలో విచారింతము.

శాస్త్రం చెప్పిన కొలమానం

మహాభారతం వనపర్వంలోని తీర్థయాత్రాపర్వంలో పులస్త్యమహర్షి భీష్మునికి తీర్థమహిమను ఉపదేశించిన ఘట్టమున్నది. అక్కడ మహర్షి చెప్పిన మాట మన ప్రశ్నకు నేరుగా వర్తిస్తుంది. యజ్ఞాలకు ఎన్నో ఉపకరణాలు, సంభారాలు, సహాయకులు కావలెను. వాటిని రాజులు, ధనవంతులు మాత్రమే చేయగలరు. దరిద్రునికి కూడా సాధ్యమై యజ్ఞాన్ని మించిన ఫలమిచ్చే మార్గమేదని విచారించి, అది తీర్థాభిగమనమేనని ఆయన నిర్ణయించినాడు. అనగా తీర్థయాత్ర పేదవానికి దయతో విడిచిపెట్టిన చిన్న కర్మ కాదు. పేదవానిని దృష్టిలో ఉంచుకొనియే ఋషులు దానికి అంతటి ఔన్నత్యాన్ని కల్పించినారు.

అదే ఘట్టంలో తీర్థఫలం ఎవరికి దక్కుతుందో కూడా చెప్పబడినది. చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉన్నవానికి, దానాలు పట్టడం మానినవానికి, దొరికినదానితో తృప్తి చెందేవానికి, మితంగా భుజించేవానికి, కోపం లేనివానికి, సర్వభూతాలను తనవలె చూచేవానికి. ఈ లక్షణాలలో ధనం ప్రసక్తి ఎక్కడా లేదు. ఎక్కిన వాహనాన్ని గురించి గాని, దిగిన బసను గురించి గాని ఒక్క మాట కూడా లేదు.

కనుక సొమ్ము తక్కువైనంత మాత్రాన యాత్ర తక్కువ కాదు. అప్పు చేసి వెళ్లడం అనవసరం. ఒక విధంగా అనుచితం కూడా. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడింటిని తీర్చుకొనడానికి బయలుదేరినవాడు వడ్డీతో కూడిన నాలుగవ ఋణాన్ని తలకెత్తుకొని తిరిగి రావడం వివేకం కాదు.

మితవ్యయం వేరు, లోభం వేరు

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. తక్కువ ఖర్చుతో యాత్ర చేయడమనే మాటకు రెండు అర్థాలున్నాయి. తన సుఖాన్ని తగ్గించుకొని ఖర్చు తగ్గించుకొనడం మితవ్యయం. ఇతరులకు న్యాయంగా చెందవలసినదానిని తగ్గించి తాను మిగుల్చుకొనడం లోభం. మొదటిది తపస్సులో భాగం. రెండవదానిని ధర్మశాస్త్రకారులు విత్తశాఠ్యమన్నారు. ఉన్నది దాచి లేదనడం దాని లక్షణం. బయటినుండి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇద్దరూ మామూలు తరగతిలోనే ప్రయాణిస్తారు, ఇద్దరూ సత్రంలోనే దిగుతారు. భేదం తెలిసేది పడవవానికి కూలి ఇచ్చేటప్పుడు, అన్నసత్రంలో పంక్తిలో కూర్చొనేటప్పుడు.

ఈ భేదాన్ని కాశీక్షేత్రమే రెండు కథలుగా మనకు బోధిస్తున్నది. మొదటిది హరిశ్చంద్రుని కథ. రాజ్యమంతా విశ్వామిత్రునికి ధారపోసి, కట్టుబట్టలతో భార్యాపుత్రులను వెంటబెట్టుకొని ఆయన వచ్చినది కాశికే. ఆ నగరంలో అడుగుపెట్టిన యాత్రికులలో అంతకంటె నిరుపేద మరొకడుండడు. అయినను మహర్షికి ఈయవలసిన దక్షిణలో ఒక్క కాసు తగ్గించమని ఆయన బేరమాడలేదు. భార్యను, చివరకు తనను అమ్ముకొని ఋణం చెల్లించినాడు. ఆయన కాటికాపరిగా నిలిచినదని చెప్పే ఘట్టం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది.

రెండవది వ్యాసుని కథ. శ్రీనాథుని కాశీఖండం ద్వారా తెలుగువారికి చిరపరిచితమైనది. శిష్యసమేతంగా భిక్షకు వెళ్లిన వ్యాసునికి, పరీక్షార్థమైన ఈశ్వరసంకల్పం చేత, ఆ నగరంలో ఏ ఇంటా భిక్ష లభించలేదు. ఆకలి కోపమైనది. అంతటి జ్ఞాని కాశీవాసులకు మూడు తరాలపాటు విద్య, ధనం, ముక్తి లేకపోవుగాక అని శపించబోయినాడు. అంతలో అన్నపూర్ణాదేవి పెద్దముత్తైదువ రూపంలో వచ్చి, అందరికీ కడుపునిండ అన్నం పెట్టినది. ఆ తరువాతనే విశ్వేశ్వరుడు ఆయనను క్షేత్రం విడిచి పొమ్మన్నాడు. అట్లా వెడలిన వ్యాసుడు మన దాక్షారామానికి వచ్చినట్లు భీమఖండం వర్ణించినది. బహిష్కారానికి హేతువు ఆయన పేదరికం కాదు, ఆకలి కూడా కాదు. తనకు పెట్టనివారిపై కోపగించుకొనడం. ఉచితంగా లభించేదానిని తనకు రావలసిన బాకీగా భావించినవానికి కాశిలో స్థానం లేదని దీని తాత్పర్యం.

నాటి యాత్ర, నేటి యాత్ర

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు ఊరకే అనలేదు. చెన్నపట్నంలో సుప్రీంకోర్టు ద్విభాషిగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరినారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. పల్లకీ బోయీలు, పరిచారకులు, బంధువులు కలిసి పెద్ద పరివారం వెంట నడిచినది. ఏ మజిలీలో బియ్యం దొరుకుతుంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి చావడి ఉన్నది అని ఆయన వ్రాసిపెట్టిన వివరాలు కాశీయాత్ర చరిత్రగా 1838లో అచ్చయినవి. ఆ రోజులలో ప్రయాగలోను, గయలోను యాత్రికులు సర్కారుకు పన్ను కూడా చెల్లించవలసి వచ్చేది. 1840లో అది రద్దయినది.

నేడు సికింద్రాబాదులో రైలెక్కినవాడు రెండవనాటికి గంగను చూడగలుగుతున్నాడు. నాడు ఎంతో పరివారముంటేగాని సాధ్యపడని యాత్ర నేడు చేతిసంచితో బయలుదేరే సామాన్యునికి అందుబాటులోకి వచ్చినది. ఇంతటి సౌలభ్యం కలిగిన కాలంలో యాత్ర ఖరీదైనదని నిరాశ పడడం తగదు. ఖరీదైనవి యాత్రకు మనం తగిలించుకొన్న హంగులు మాత్రమే.

కాలనిర్ణయం, ప్రయాణం

ఖర్చు తగ్గే మొదటి ఉపాయం కాలాన్ని ఎంచుకొనడం. మహాశివరాత్రి, శ్రావణమాసం, కార్తిక పౌర్ణమినాటి దేవదీపావళి సమయాలలో బసలు దొరకవు, దొరికినా అధికమూల్యం. వర్షర్తువులో గంగ పొంగి ఘట్టాల మెట్లు మునిగిపోతాయి. ఒక ఘట్టం నుండి మరొక ఘట్టానికి నడిచే వీలుండదు. పుష్యమాసంలో పొగమంచు వలన రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. వైశాఖ జ్యేష్ఠాలలో ఎండ వృద్ధులకు ప్రమాదకరం. శివరాత్రి రద్దీ తగ్గిన తరువాత ఫాల్గుణమాసం, కార్తిక పౌర్ణమి దాటిన తరువాతి పక్షం సామాన్యునికి అనుకూలం. కాశిలో పర్వదినం కాని దినమే లేదని పెద్దలంటారు గనుక రద్దీ లేని రోజున వెళ్లినందువల్ల పుణ్యలోపమేమీ లేదు.

సికింద్రాబాదు నుండి దానాపూరు వెళ్లే రైలు పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను మీదుగా పోతుంది. 2018 వరకు దాని పేరు మొగల్‌సరాయి. అక్కడ దిగితే కాశి సుమారు పదహారు కిలోమీటర్లు. రైలు దిగిన ప్రయాణికులు నలుగురైదుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకొంటే తలకు స్వల్పంగా పడుతుంది. వృద్ధులకు రైలు టికెట్టులో ఉండిన రాయితీ 2020లో నిలిపివేయబడినది గనుక పాత లెక్కతో బయలుదేరవద్దు. స్లీపరు తరగతి చాలును. టికెట్లు ముందుగా తీసుకొనవలెను. దారిలో తినడానికి పులిహోర, అటుకులు, వేయించిన పేలాలు ఇంటినుండియే పట్టుకొని వెళ్లడం మన పూర్వుల పద్ధతి. అందువల్ల ఆరోగ్యం నిలుస్తుంది, సొమ్ము నిలుస్తుంది, ఆచారమూ నిలుస్తుంది.

బస, భోజనం

కాశిలో తెలుగువారికి పరాయి ఊరిలో ఉన్నట్లుండదు. మానససరోవర ఘట్టం, పాండే హవేలీ, కేదారఘట్టం పరిసరాలలో తెలుగు మాటలు వీధిలోనే వినిపిస్తాయి. మానససరోవర ఘట్టం సమీపాన శ్రీరామతారక ఆంధ్రాశ్రమమున్నది. శ్రీశైలంలో ప్రసిద్ధమైన కరివేన సత్రానికి కాశిలో శాఖ కలదు. తమిళదేశపు నాట్టుకోట్టై నగరత్తార్లు పంతొమ్మిదవ శతాబ్దిలో స్థాపించిన సత్రం గొదౌలియా సమీపాన నేటికీ నడుస్తున్నది. వీరశైవులకు జంగమవాడి మఠమున్నది. సత్రాలలో కొన్ని అందరికీ, కొన్ని ఆయా సమాజాలవారికి మాత్రమే బస ఇస్తాయి. కనుక బయలుదేరక ముందే ఫోనులో విచారించి, ఎన్ని దినాలు ఉండనిస్తారో, భోజనానికి పేరు ఏ వేళలో నమోదు చేయించవలెనో తెలుసుకొని వెళ్లవలెను. ఆధారు కార్డు వెంట ఉండవలెను. రైలు దిగిన తరువాత బస వెదకుకొనేవాడే దళారుల చేతిలో పడతాడు.

అన్నపూర్ణాలయం వారి అన్నక్షేత్రంలోను, పలు సత్రాలలోను యాత్రికులకు ఉచితంగా భోజనం పెడతారు. ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. తీర్థంలో ప్రతిగ్రహం కూడదని పులస్త్యుడు చెప్పినాడు గదా, ఉచితాన్నం భుజించవచ్చునా? సమాధానమేమనగా, అన్నపూర్ణ పేర పెట్టే అన్నం అమ్మవారి ప్రసాదం. ప్రసాదాన్ని నిరాకరించరాదు. దానిని స్వీకరించడంలో లేనివానికి దోషమేమాత్రం లేదు. అతడు సిగ్గుపడవలసిన పని అంతకంటె లేదు. ఉన్నవాడు మాత్రం తాను భుజించిన దినానికి తన శక్తికొలది హుండీలో సమర్పించి రావలెను. ఆ సొమ్ము రేపు మరొక పేదయాత్రికుని విస్తరిలో అన్నమవుతుంది. పెట్టగలిగిన స్థితిలో ఉండి కూడా "ఎట్లాగూ ఉచితమే గదా" అని మూడుపూటలా తిని లేచి పోయేవాడు మితవ్యయి కాడు.

కేదారేశ్వరుని గురించి కాశీవాసులు చెప్పే గాథ ఒకటి ఈ సందర్భంలో స్మరించదగినది. మాంధాత దినమూ పులగం వండి రెండు భాగాలు చేసి, ఒక భాగం స్వామికి నివేదించి, రెండవ భాగంలో అతిథికి పెట్టి మిగిలినది తాను తినేవాడట. ఆ పులగమే శివలింగమైనదని, అందువల్లనే కేదారలింగం పులగం రాశి వలె నడుమ గీతతో కనిపిస్తుందని చెబుతారు. వండినది పులగమే, పంచభక్ష్యాలు కావు. దానిలోనే అతిథి భాగం ముందు తీసినాడు. స్వల్పద్రవ్యంతో యాత్ర చేసేవానికి ఇంతకంటె మంచి ఆదర్శం లేదు.

ద్రవ్యం అక్కరలేని దర్శనాలు

కాశిలో ముఖ్యమైనవన్నీ ఖర్చు లేనివే. గంగాస్నానానికి రుసుము లేదు. విశ్వనాథుని సామాన్య దర్శనానికి టికెట్టు లేదు. తెల్లవారుజామున వెళితే వరుస కూడా స్వల్పంగానే ఉంటుంది. సెల్‌ఫోను, సంచి బసలోనే ఉంచి వెళ్లడం మేలు. లేనిచో వాటిని భద్రపరిచే దుకాణాలవారు పూజాద్రవ్యాలు కూడా కొనిపిస్తారు. చెంబుడు గంగాజలం, నాలుగు బిల్వదళాలు చాలును. నేడు మనం దర్శించే ఆలయం 1780లో అహల్యాబాయి హోల్కరు కట్టించినది. శిఖరానికి బంగారు తాపడం పంజాబు మహారాజు రంజిత్‌సింగు సమర్పణ. మహారాణి కట్టించిన గుడిలో, మహారాజు బంగారం క్రింద, బిల్వదళం పట్టుకొన్న పేదవాడు వారితో సమానంగా నిలబడతాడు. కాశీదర్శనంలోని రహస్యమిదే.

మూడు రాత్రులు నిద్ర చేయగలిగినవారు ఈ క్రమాన్ని అనుసరించవచ్చును.

మొదటి దినం మణికర్ణికలో గాని, బసకు సమీపఘట్టంలో గాని స్నానం చేసి, డుంఢిగణపతిని, విశ్వేశ్వరుని, అన్నపూర్ణను, మీర్‌ఘట్టం సమీపాన విశాలాక్షిని దర్శించవలెను. ఇవన్నీ నడిచి చేరగల దూరంలోనివే. సాయంకాలం దశాశ్వమేధ ఘట్టంలో గంగాహారతి మెట్లపై కూర్చుండి చూడవచ్చును. పడవనుండి చూడవలెనన్న నియమమేదీ లేదు.

రెండవ దినం ఉత్తరభాగం. వారాహీదేవి దర్శనం ఉదయం కొద్ది గంటలు మాత్రమే లభిస్తుంది గనుక మొదట అక్కడికి వెళ్లవలెను. తరువాత పంచగంగాఘట్టం, బిందుమాధవుడు, మన విజయనగర ప్రాంతంలో జన్మించి కాశిలో 1887లో సిద్ధి పొందిన త్రైలింగస్వామివారి మఠం, అక్కడినుండి క్షేత్రపాలకుడైన కాలభైరవుడు.

మూడవ దినం దక్షిణభాగం. అసీఘట్టం, లోలార్కకుండం, తులసీదాసుగారు నివసించిన తులసీఘట్టం, దుర్గాకుండం, సంకటమోచన హనుమంతుడు, తిరిగి వచ్చేటప్పుడు హరిశ్చంద్రఘట్టం, కేదారేశ్వరుడు. గట్టువెంట నడవగలిగినవారికి వాహనంతో పనిలేదు.

దేహశక్తి కలిగి, మరి ఐదు దినాలు ఉండగలిగినవారికి పంచక్రోశయాత్ర ఉన్నది. మణికర్ణికలో స్నానసంకల్పాలు చేసి, కర్దమేశ్వరం, భీమచండి, రామేశ్వరం, శివపురం, కపిలధార అనే మజిలీలలో ఆగుతూ, ఎనభై కిలోమీటర్ల మేర పాదచారులై క్షేత్రాన్ని ప్రదక్షిణం చేసి తిరిగి మణికర్ణికను చేరవలెను. దారిలో ధర్మశాలలున్నాయి. దీనికి కావలసినది కాళ్లలో బలం, మనస్సులో నిలుకడ. సంచిలో సొమ్ము కాదు.

పితృకార్యంలో సంకోచం వలదు

పేదయాత్రికునికి ఎక్కువ మనోవ్యథ కలిగేది ఇక్కడనే. "నీ తండ్రికి ఇంతేనా?" అన్న మాట వినిపించగానే ఎంతటివాడైనా చేతిలో ఉన్నదంతా ఇచ్చి, తిరుగు ప్రయాణానికి చేయి చాచవలసి వస్తుంది. శాస్త్రం అట్టి నిర్బంధం పెట్టలేదు. విష్ణుపురాణంలో పితృదేవతలే పలికినట్లుగా ఒక క్రమం చెప్పబడినది. శక్తి ఉన్నవాడు వస్త్రాలు, రత్నాలు, భూమి ఈయవలెను. లేనివాడు అన్నం పెట్టవలెను. అదీ లేనివాడు ధాన్యమో, గుప్పెడు తిలలో ఈయవలెను. అదీ లేకపోతే గోవుకు గడ్డి వేయవలెను. ఏమీ లేనివాడు ఏకాంతంగా చేతులు పైకెత్తి, తనకు ధనం లేదని, తన భక్తితోనే తృప్తి పొందవలెనని పితృదేవతలకు విన్నవించవలెను. అంతటితో శ్రాద్ధం సంపూర్ణమైనదని నిర్ణయం.

కావున కాశి, ప్రయాగ, గయలలో ఎక్కడ పితృకార్యం చేసినా, సంకల్పానికి ముందే పురోహితునితో మన శక్తిని స్పష్టంగా, వినయంగా చెప్పవలెను. దక్షిణ నిర్ణయమైన తరువాతనే సంకల్పం చేయవలెను. చెప్పినది చెప్పినట్లు, ముఖం చిట్లించకుండా ఈయవలెను. దర్భ పట్టుకొని కూర్చున్న తరువాత బేరం ఇరుపక్షాలకూ అశుచి. అదే విధంగా, సంపన్నుడు ఈ పురాణవచనాన్ని అడ్డుపెట్టుకొని గడ్డిపరకతో సరిపెట్టుకొంటే అది విత్తశాఠ్యమే అవుతుంది.

ఎక్కడ తగ్గించరాదు

పడవవాడు, రిక్షావాడు, సత్రంలో ఎంగిలాకులు ఎత్తేవాడు, మెట్లు ఊడ్చేవాడు క్షేత్రసేవకులు. వారి కూలిలో పది రూపాయలు తగ్గించి, ఆ పదింటిని హుండీలో వేస్తే ఈశ్వరుడు సంతోషించడు. పడవ ఖర్చు భారమైతే మరి నలుగురితో కలిసి ఎక్కవలెను, లేదా నడవవలెను. ఎక్కిన తరువాత తగవులాడరాదు. న్యాయమైన ధర ఎంతో సత్రంలో ముందుగా విచారించుకొంటే మోసపోము, మోసగించము.

కాశిలో ఇష్టమైన కాయనో పండునో విడిచి రావడం మనవారి ఆచారం. నాలుకకు ఇష్టమైనదానిని విడవడం మంచి అభ్యాసమే. అయితే విడవవలసినవి లోపల కూడా ఉన్నాయి. యాత్ర చేసినానని నలుగురిలో చెప్పుకొనవలెనన్న ఆడంబరం, ఇతరుల బసతో మన బసను పోల్చుకొని కుమిలిపోవడం, ఉచితమైనచోట ఆశపడడం. ఈ మూడింటిని గంగలో విడిచిపెట్టినవానికి యాత్ర చౌక అవుతుంది, ఫలం మాత్రం పూర్ణంగా దక్కుతుంది.

సంగ్రహం

అప్పు చేసి యాత్ర చేయవలదు. సొమ్ము లేదని యాత్ర మానవలదు. రద్దీ లేని కాలంలో, ముందుగా బస నిశ్చయించుకొని, స్వల్పమైన సామానుతో బయలుదేరవలెను. నడవగలిగినంత నడవవలెను. ప్రసాదాన్ని కృతజ్ఞతతో స్వీకరించి, శక్తి ఉన్నవారు తిరిగి సమర్పించవలెను. కోత పెట్టవలసి వస్తే అది మన సుఖానికే గాని, ఇతరుల కూలికి కాదు. ఈ నియమాలతో వెళ్లినవాడు సత్రపు చాపపై నిద్రించినా కాశీయాత్ర చేసినవాడే.

అన్నపూర్ణాసమేత విశ్వేశ్వరుడు భక్తమహాశయులందరికీ ఆ భాగ్యాన్ని అనుగ్రహించుగాక.

స్వస్తి.